పథ్యం తిన్న వేటకుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే బాగా తిన్నది ఒక కుక్క. మీకు నవ్వు రావచ్చు పిల్లలూ. నవ్వండి, కానీ మొత్తం ఇప్పుడే నవ్వేయకండి. నవ్వాల్సిన చోటు ఇంకా ముందుంది. అక్కడికి వచ్చాక మీకంటే నేనే ఎక్కువ నవ్వుతాను.

మొన్న పూణే నుంచి మన పెద్దది ఫోన్ చేసింది. చంటిదానికి పాలు చాలడం లేదు అమ్మమ్మా అని బాధపడింది. ఏం తింటున్నావే అంటే పొద్దున ఓట్సు, మధ్యాహ్నం ఒక చపాతీ, రాత్రికి సూపు అని చెప్పింది. ఒళ్లు తగ్గాలట. అదే నోటితో, వాళ్ల కుక్క రోజూ వాళ్లాయనతో పరుగుకు పోతోంది కాబట్టి దానికి తిండి పెంచమన్నాడట పశువుల డాక్టరు. దానికోసం కొలత గిన్నె కూడా కొన్నారట. ఆ కొలత అనే మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. అందుకే ఇది దానికి ఒక్కదానికే కాకుండా మీ అందరికీ చెబుతున్నాను.

మాచర్ల దాటాక రాళ్లు తేలిన నేలల్లో మా ఊరు. నాన్న ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతుంటే నేను నాయనమ్మ దగ్గర ఉండి బడికి పోయేదాన్ని. మా తాతయ్య పొలమున్న మనిషి. పంచాయితీ ఎక్కడ జరిగినా ఆయనకి మంచం వేసేవాళ్లు. ఊళ్లో ఆయన మాట ఎంత చెల్లేదో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం గింజ కదలాలన్నా ఆయనే కదపాలి. గాదె గది తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడేది. పొద్దున్నే స్నానం చేసి ఆ గది తీసి, సోలతో కొలిచి నాయనమ్మ చేటలో పోసేవాడు. పితికిన పాల చెంబు కూడా ముందు ఆయన దగ్గరికే పోయేది. ఇంత కాఫీకి, ఇంత తోడుకి, ఇంత జింకకి.

జింక అంటే కుక్క. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, ఎర్రమట్టి రంగు. కోతలయ్యాక బీడు చేలల్లో కుక్కల్ని కుందేళ్ల మీదికి వదలడం అప్పట్లో పెద్ద సరదా. ఇప్పుడది నేరం, నేరం కావాల్సిందే. ఆ రోజుల్లో మాత్రం ఎవరి కుక్క ముందు పోతే వాళ్ల మీసం అంత పైకి లేచేది.

కుక్కల మేపు సంగతిలో తాతయ్యకి తెలియంది లేదు, అది ఒప్పుకోవాలి. అరుగు మీద కూచుని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. "పడుకునే కుక్కకి ఒక ముద్ద. ఉరికే కుక్కకి రెండు. పాలిచ్చేదానికి లెక్కెయ్యమాకు, అది మొహం తిప్పుకునేదాకా పెట్టాల్సిందే. లేకపోతే దాని ఎముకల్లోంచి తీసి పిల్లలకి ఇచ్చుద్ది." ఒక ఏడు జింక ఈనినప్పుడు ఆయనే పక్కన గొంతుక్కూచుని జొన్న సంకట్లో పాలు పోసి, గుడ్లు చిదిపి తినిపించాడు. ఎముకల పులుసు కాయించాడు. నీళ్ల తొట్టి ఎండితే పాలేరు మీద విరుచుకుపడేవాడు. "నీళ్లు తాగందే పాలెట్టా వస్తయిరా, బుద్ధుందా నీకు?" ఆ మాట నా చెవులారా విన్నాను.

మరుసటి ఏడు మా పిన్ని కానుపు మా ఇంట్లోనే జరిగింది. పిన్ని అంటే మా బాబాయి భార్య. తల్లి లేని పిల్ల, పుట్టింట్లో చేసేవాళ్లు లేక ఇక్కడే ఉంచారు. బాబాయి సున్నపు బట్టీల దగ్గర పని చూసుకుంటూ అక్కడే ఉండేవాడు. ఎప్పుడన్నా వచ్చినా తండ్రి ముందు ఆయన గొంతు పెగిలేది కాదు. ఆడపిల్ల పుట్టింది. బాలింతకి పథ్యం అన్ని ఇళ్లలోనూ ఉండేది. అయితే మిగతా ఇళ్లలో ఇది వద్దు అంటూనే నెయ్యీ మునగాకూ కాయపు ముద్దా పెట్టేవాళ్లు. మా ఇంట్లో పథ్యానికి వద్దులు మాత్రమే మిగిలాయి. పాలు వద్దు, బిడ్డకి రొంప పడుతుంది. గుడ్డు వద్దు, వేడి. నీళ్లు వద్దు, పొట్ట జారుతుంది. పాత బియ్యం అన్నం గుప్పెడు, వెల్లుల్లి కారం, రోజుకి ఒక చెంబు కాచిన నీళ్లు. పొద్దున్నే తాతయ్య కొలత అది.

ఒకరోజు నాయనమ్మ మెల్లగా, ఇంకొంచెం బియ్యం పోయండి, పిల్ల నీరసపడుతోంది అంది. తాతయ్య అప్పుడు జింక కోసం గుడ్లు తీసి ఇస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"మంచం మీద కూచున్నదానికి ఇంతకంటే ఏందే? అదేమన్నా చేలో ఉరికిందా?"

మా నాయనమ్మ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆమెకి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. ఆ రోజు అసలు గొంతే రాలేదు.

చంటిది మొదట్లో ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చేది. తర్వాత పిల్లికూనలా ఏడ్చింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఏడుపు ఆగిపోయింది. హమ్మయ్య, పడుకుంది అనుకున్నాను నేను. నాయనమ్మ మాత్రం ఆ నిశ్శబ్దం విని, రుబ్బురోలు దగ్గర పొత్రం వదిలేసి లేచింది. పిన్ని గదిలోకి పోయి బిడ్డ తొడ మీద చర్మం రెండు వేళ్లతో పట్టి చూసింది. చర్మం పట్టినట్టే ఉండిపోయింది. పిన్ని గోడకేసి తిరిగి, "రావట్లేదత్తయ్యా, ఎంత పిండినా రావట్లేదు" అంది.

ఆ పూటే మొదలైంది. జింక కోసం కొలిచిన పిండితో సంకటి వండి, దాన్నే వంటింటి గిన్నెలో వేసి, జింక పాలు పోసి, జింక గుడ్లు పెట్టి, మూత వేసి నా చేతికిచ్చింది. పిన్ని దగ్గరికి తీసుకుపో అంది. పిన్ని కోసం కొలిచిన గుప్పెడు అన్నాన్ని మెత్తగా పిసికి, చిక్కటి గంజి పోసి పెరట్లో జింక గిన్నెలో పోసింది. దూరం నుంచి చూస్తే తెల్లగా పాలలాగే ఉంది. మధ్యాహ్నం తాతయ్య చావిడి దగ్గర ఉంటాడు. బాలింత గదిలోకి మామగారు తొంగిచూడడు. ఇంటి మర్యాదే నాయనమ్మకి తలుపు గడియ అయింది.

పిన్ని మూత తీసి చూసి భయపడింది. "ఇది జింకది గదా అత్తయ్యా?"

"జింకది కాదు. దాని పేరు చెప్పి నీకు కొలిచాడు. తిను."

"మామయ్యకి తెలిస్తే?"

"తెలియాలనే. కాకపోతే ఇప్పుడు కాదు."

తర్వాత పొయ్యి దగ్గర కూచున్నప్పుడు నేనడిగాను, జింక పాపం కదా నాయనమ్మా అని. పాపమే అంది. ఆ పాపం నా లెక్కలో వేసుకుంటాలే అంది. కాసేపు పుల్లలు సర్దింది. "మీ నాన్న తర్వాత నాకో కూతురు పుట్టిందే. అదే గది. ఆయనకి అప్పుడూ ఒక కుక్క ఉండేది" అని ఊరుకుంది. ఆ మాటల మధ్య ఏముందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అన్నేళ్లుగా ఆమె చేట పట్టుకుని ఆయన ముందు నిలబడిందంటే లొంగిపోయి కాదు, సమయం కోసం చూస్తూ నిలబడింది.

పిన్నికి నీళ్లు కూడా చెంబు లెక్కన కాదు, బిందె పక్కనే పెట్టింది. బిడ్డ రొమ్ము పట్టినప్పుడల్లా నువ్వూ తాగు అంది. చూస్తుండగానే చంటిదాని గొంతు వెనక్కి వచ్చింది. ఒకరోజు నా వేలు పట్టుకుని వదలలేదు. పిన్ని బుగ్గల్లోకి రంగొచ్చింది.

పెరట్లో జింక సంగతి వేరు. దాని కడుపు ఖాళీగా లేదు, గంజి తాగి గుండ్రంగానే ఉంది. గంజితో పొట్ట నిండుతుంది గానీ కాళ్లు నిండవు. పిలిస్తే తోక ఆడించేది, లేచేది కాదు. తాతయ్యకి కంగారు పుట్టింది. రొంపిచెర్ల వైపు నుంచి నాయనమ్మ తమ్ముడు తన కుక్కని తీసుకుని వస్తానని కబురు పంపాడు. బావా బావమరుదులిద్దరికీ పందెం. ఓడినవాడు మీసం కిందికి దువ్వుకుని రెండూళ్ల వాళ్ల ముందు భోజనానికి కూచోవాలి.

ఇక్కడ నవ్వడం మొదలుపెట్టండి. జింక నీరసపడే కొద్దీ తాతయ్య దాని కొలత పెంచాడు. ఇంకో గుడ్డు, ఇంకో గ్లాసు పాలు, వేరుశనగ ఉండలు కూడా. గాదె గది ఎంత తెరుచుకుంటే పిన్ని గది అంత నిండింది. ఆ ఉండలు నేనూ ఒకటీ అరా తిన్నాను, చాలా బాగుండేవి.

బావమరిది కళ్లే పడ్డాయని ఆయన అనుమానం. దిష్టి తియ్యమన్నాడు. నాయనమ్మ బుద్ధిగా ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి జింక చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా తమ్ముడి దిష్టి, ఇంటాయన దిష్టి" అంది. నవ్వు దాచుకోవడానికి నాకింకా పైట లేని వయసు, గౌను ఎత్తి మొహం కప్పుకున్నాను. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఇల్లంతా దగ్గు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. తాతయ్య దగ్గుతూనే, "చూశావా, పోయింది" అన్నాడు.

పందెం నాడు నాయనమ్మ వంటకి ఉండిపోయింది. నన్ను మాత్రం పంపింది. "ఒక్క ముక్క వదలకుండా చూసిరా" అంది. బీడు చేను గట్టు మీద రెండూళ్ల జనం. పొదలోంచి కుందేలు లేచింది, రెండు కుక్కల్నీ వదిలారు. రొంపిచెర్ల కుక్క ఈటెలాగా పోయింది. జింక లేచింది, ఒక పరుగు తీసింది, కంది మోళ్ల దాకా పోయింది, ఆగింది. వెనక్కి తిరిగి తాతయ్య వైపు చూసింది. ఆ తర్వాత నీడ చూసుకుని పడుకుంది. కుందేలు మాత్రం రెండింటికీ దొరక్కుండా రాళ్ల గుట్టలోకి పోయి బతికింది. దానికోసం నేను లోపల్లోపల సంతోషించాను. జనం ఒకటే ఈలలు. "పెద్దాయనా, మంచం తెమ్మంటావా దానికి?" అని ఎవరో అరిచారు. తాతయ్య మొహం మిరపకాయ రంగుకి తిరిగింది. అందరూ చూస్తుండగా రెండు చేతులతో మీసం కిందికి దువ్వుకున్నాడు.

నేను ఇంటికి ఉరికి నాయనమ్మకి అంతా చెప్పాను. పొయ్యి ముందు నుంచి కదలకుండా వింది. మీసం దగ్గరికి వచ్చేసరికి గరిటె పక్కన పెట్టి, "మళ్లీ చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. "ఏ చేత్తో దువ్వాడు?" రెండు చేతుల్తోనూ అన్నాను. "ఊఁ. మొదట్నుంచి చెప్పు" అంది.

పంచలో వరసగా విస్తళ్లు వేశారు. ఒక పక్క మా ఊరి పెద్దలు, ఒక పక్క రొంపిచెర్ల వాళ్లు, మధ్యలో తాతయ్య, ఎదురుగా బావమరిది. నేనూ పిన్నీ తలుపు వెనక ఉన్నాం. తాతయ్య కుక్కకి తాను పెట్టినవన్నీ ఏకరువు పెడుతున్నాడు, పాలంట, గుడ్లంట, ఉండలంట. బావమరిది నవ్వి అన్నాడు.

"నిజం చెప్పు బావా, కుక్కకి కూడు పెడతన్నావా, పథ్యం పెడతన్నావా?"

పంచంతా గొల్లుమంది. నాయనమ్మ చేతిలో అన్నం పళ్లెంతో గడప దాటింది.

"పథ్యమేరా తమ్ముడూ" అంది.

నవ్వు ఆగింది. తాతయ్య తలెత్తాడు. "ఏందే?"

"మీరు బాలింతకి కొలిచింది కుక్కకి పెట్టా. కుక్కకి కొలిచింది బాలింతకి పెట్టా. మీ గింజ ఒక్కటి వృథా పోలేదు."

తాతయ్య సగం లేచాడు. "నా కోడలు కుక్క కూడు తిన్నదా?"

పిన్ని చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆ మాట చిన్నది కాదు. కుక్క కూడు తిన్నదన్న పేరొస్తే ఆ రోజుల్లో ఇంట్లోంచి పంపెయ్యడానికి అది చాలు. పిన్నికి పోవడానికి పుట్టిల్లు లేదు. చంకలో పసిబిడ్డ ఉంది. నాయనమ్మ ఇన్నాళ్లూ చేసిందంతా ఆ ఒక్క మాటతో పిన్ని నెత్తిన పడేట్టుంది.

నాయనమ్మ గొంతు ఇంకా తగ్గింది. ఎంత తగ్గిందంటే చివరి విస్తరి వాళ్లు వినడానికి ముందుకి వంగారు. "కుక్క కూడైతే అందులో పాలెందుకు, గుడ్లెందుకు? గంజి మెతుకులు మనిషి కూడెట్టా అయినయి? ఈ ఇంట్లో ఏది ఎవరి కూడో కొలిచింది మీరు. నేను వండా, అంతే. కోడల్ని పంపాలనుకుంటే కొలిచినోళ్లనీ పంపాలి. పంచాయితీ పెట్టండి, పెద్దలంతా ఇక్కడే కూచున్నారు గదా. ఇందాక కుక్క కూటి లెక్క చదివారు గదా, వాళ్లకి బాలింత కూటిది కూడా చదవండి."

ఎన్నో ఇళ్ల గొడవలు తీర్చిన మనిషి, తన ఇంటి బియ్యం లెక్క చదవలేకపోయాడు. బావమరిది నవ్వు ఎప్పుడో పోయింది. తన విస్తరిలోకి చూస్తున్నాడు. ఆయనకీ ఆ గదిలోనే పుట్టి పోయిన మేనకోడలు గుర్తొచ్చి ఉంటుంది. కాసేపటికి, "కూచో బావా. విస్తరి ముందునుంచి లేవమాకు" అన్నాడు. అందులో ఎగతాళి లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

తాతయ్య కూచున్నాడు. నాయనమ్మ వడ్డన మొదలుపెట్టింది. తమ్ముడికి, వచ్చినవాళ్లకి, ఊరివాళ్లకి పప్పూ నెయ్యీ కోడికూరా. తాతయ్య విస్తరి దగ్గర ఆగి పాత బియ్యం అన్నం గుప్పెడు పెట్టింది. పక్కన వెల్లుల్లి కారం. చిన్న గ్లాసులో కాచిన నీళ్లు.

"ఇదేంది?"

"అరుగు మీద కూచునేవాళ్లకి ఇంతకంటే ఏందండీ? పొద్దున చేలో ఉరికింది జింక గదా."

ఆయన తిన్నాడు. అందరి ముందూ, దువ్వుకున్న మీసంతో, ఆ గుప్పెడూ మెతుకు మిగలకుండా తిన్నాడు. అంత రుచిగా ఎవరూ అన్నం తినడం నేను చూడలేదు అనిపించింది నాకు. రుచి ఆయనకి కాదులేండి, చూసినవాళ్లకి.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. తాళంచెవి ఆయన దగ్గరుంది గానీ పొయ్యి ఆయన దగ్గర లేదు. తనకోసం ఎక్కువ కొలిస్తే ఆ ఎక్కువ పిన్నికీ జింకకీ పోయేది. చావిడికి పోతే, "ఏం పెద్దాయనా, పథ్యం పడతందా?" అని పలకరించేవాళ్లు. అలిగి పొలంలో కూచుంటే నాయనమ్మ అదే గుప్పెడు మూటగట్టి పంపేది, అలక్కి కూడా పథ్యం తప్పలేదు. చివరికి ఒక పొద్దున చేటలో జొన్నలకి బదులు తాళంచెవి పడి ఉంది. నాయనమ్మ తీసి కొంగున కట్టుకుంది. ఆ పూట ఆయన విస్తరి నిండుగా వచ్చింది.

మీరు ఇక్కడ, నాయనమ్మ క్షమించేసింది అని చెబుతాననుకుంటున్నారేమో. లేదు. పెరుగు మాత్రం ఆయన బతికున్నంత కాలం అడిగితేనే వేసింది. అడగకపోతే పక్కనుంచి దాటిపోయేది. ఆయన పోయాక ఎవరన్నా వచ్చి, కుక్కల్ని ఎంత బాగా మేపేవాడమ్మా అని మెచ్చుకుంటే, "అవును, కుక్కల్ని బాగా మేపేవాడు" అనేది. అంతకు మించి అక్షరం కలిపేది కాదు.

జింక కోలుకుంది. పాలూ గుడ్లూ మళ్లీ దానికీ అందాయి, పిన్నికి తగ్గకుండానే. మళ్లీ ఎర్రమట్టి మీద గాలిలాగా తిరిగింది. కానీ నాయనమ్మ చేత్తో పెడితే మాత్రం ముట్టేది కాదు. ఆమె గిన్నె పెట్టి దూరంగా పోయి నిలబడితే, అప్పుడు వచ్చి తినేది. నాకు బాధేసి బుజ్జగించబోతే నాయనమ్మ వద్దంది. "దానికి ఆ కోపం ఉండనీ. అది చేసిన తప్పేముంది?" అంది. కక్షకి మధ్యలో నలిగేవాళ్లు ఎవరో ఒకరుంటారని ఆమెకి తెలుసు. తెలిసీ చేసింది. పిన్ని కన్న ఆ బిడ్డ ఇప్పుడు సత్తెనపల్లిలో మనవలతో ఉంది. ఫోన్లో మాట్లాడితే నేను చెవికి దూరంగా పెట్టుకోవాలి, అంత గొంతు.

పెద్దదానా, నువ్వు జాగ్రత్తగా విను. ఉరికే కుక్కకి తిండి పెంచడం మంచిదే, పెంచు. కానీ నువ్వు మంచం మీద కూచుని చేసే పని అది ఉరికేదానికంటే పెద్దది. ఒక మనిషి ఒంట్లోంచి ఇంకో మనిషి ఒళ్లు తయారవుతోంది. ఆకలైనప్పుడల్లా తిను, బిడ్డ నోరు పెట్టినప్పుడల్లా నీళ్లు తాగు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, నీకు సరిపడేవన్నీ తిను. అనుమానముంటే డాక్టర్ని అడుగు, అద్దాన్ని అడగొద్దు. ఒళ్లు ఎక్కడికీ పోదు, తర్వాత తగ్గించుకోవచ్చు. ఈలోగా నీకెంత చాలో నీకు చెప్పేవాళ్లెవరన్నా ఉంటే, వాళ్ల పేరు నాకు చెప్పు.

నేను మెత్తటి మనిషినని మీరంతా అంటారు. నిజమే. గొంతు నాయనమ్మది, మిగతావి కూడా కొన్ని ఆమెవే. ఇప్పటికీ పసిబిడ్డ ఉన్న ఇంటికి చూడ్డానికి పోతే నేను ఉయ్యాల దగ్గరికి పోను. తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెల మీద మూతలు తీసి చూస్తాను. చూసి బయటికి వచ్చి, చాపమీద కూచుని, కాఫీ ఇస్తే తాగి, అప్పుడు మెల్లగా అడుగుతాను, ఈ ఇంట్లో కొలిచేది ఎవరు అని.